సూదిబెజ్జం బోల్టు

పంపు బాగై వచ్చింది నిన్న, లింకన్ నుంచి పార్సిల్లో,
పురిటిబిడ్డని చుట్టినట్టు బుడగల కవర్లో చుట్టి.
మూడువందల నలభై పౌండ్లు. సీళ్లన్నీ కొత్తవట.
రసీదు మీద డీజిల్‌ వేలిముద్ర ఒకటి, సంతకం బదులు.

బిగించాను.
బెల్టు పన్ను పన్నూ గుర్తుకి కలిపి,
రెండు చుట్లు చేత్తో తిప్పి చూసుకుని
తాళం తిప్పాను.

స్టార్టరు తిరుగుతుంది.
తిరుగుతూనే ఉంటుంది,
పప్పు వెయ్యని రోట్లో పొత్రం తిప్పుతున్నట్టు.
వెనక గొట్టంలో పొగ లేదు,
తెల్లదీ లేదు, నల్లదీ లేదు.

గ్రిమ్స్‌బీలో మార్చి.
రేవు నుంచి వచ్చే గాలికి ఈ వీధిలో తలుపు కొట్టే అలవాటు లేదు.
గోల్ఫ్‌ వయసు ముప్పైఅయిదు, నాకంటే మూడేళ్లు చిన్న.

గోడ మీంచి నార్మన్‌ తల లేచింది.
ఐస్‌లాండ్‌ నీళ్లకి వెళ్లే చేపల పడవల్లో
ఇంజిన్‌ గది తప్ప సముద్రం చూడని మనిషి.
"ఏం దమ్‌, పలకట్లేదా?"
దమయంతిని సగానికి కోసి దమ్‌ అంటాడు.
బండికి లేనిదీ అదే.

చేతులు వణుకుతాయి ఇప్పుడు. స్పానర్‌ పట్టలేడు.
టార్చి పట్టుకున్నాడు. వెలుగు కూడా వణికింది.

"గాలి," అన్నాడు. "పంపు విప్పితే గాలి చొరబడినట్టే."
ఆ మాట నాకా చెప్పడం!
డయాలిసిస్‌ వార్డులో పదకొండేళ్లుగా నా పని
గొట్టాల్లో బుడగ లేకుండా చూడటమే.
వేలితో తట్టి, తట్టి, పైకి పంపేస్తాను
ఆవగింజంత గాలినైనా.

ఇంజెక్టర్ల నట్లు నాలుగూ అరచుట్టు వదులు చేశాను.
లోపల కూచుని తాళం తిప్పాను.
"వచ్చిందా?"
"పొడి."
"ఇప్పుడో?"
"చెమట పట్టింది. అంతే."

సోలనాయిడ్‌కి వైరు తగిలిస్తే టక్కుమంది, దాని తప్పు కాదు.
గ్లో ప్లగ్గులు నాలుగూ ఎర్రబడుతున్నాయి.
ఫిల్టరు నిండా ఉంది.
బ్యాటరీ నీరసించిపోతే ఛార్జర్‌ పెట్టి
మెట్ల మీద కూచుని చల్లారిన టీ తాగాం.

అప్పుడడిగాడు, ఎటో చూస్తూ:
"పంపు మీద బోల్టులు రెండుంటాయి కదా,
వచ్చే గొట్టానికొకటి, పోయే గొట్టానికొకటి?"

విప్పి అరచేతిలో పెట్టాను.
ఒకే తల, ఒకే మర, ఒకే బరువు.
బొటనవేలి గోరుతో మట్టి గీకితే
ఒకదాని నెత్తిన బయటపడింది: అవుట్‌.
టార్చికి అడ్డం పెట్టి చూశాను.
దీనికి సూదిబెజ్జమంత కన్నం.
రెండోదానికి చిటికెనవేలు దూరేంత దారి.

ఎరుపు గొట్టం, నీలం గొట్టం, పదకొండేళ్లలో
ఒక్కరాత్రీ తారుమారు చెయ్యలేదు.
వీటికి రంగు వెయ్యలేదు ఎవరూ.
సన్నసందులోంచి రమ్మని పిలిచి
సింహద్వారంలోంచి సాగనంపుతున్నాను
పొద్దుట్నించీ.

మార్చి బిగించాను.
మొదటి నట్టు దగ్గర బొట్టు. బిగించు.
రెండోది చిమ్మింది, నా చొక్కా మీద.
మూడోది బిగిస్తుండగా ఎక్కిళ్లు మొదలయ్యాయి,
ఎవరో ఎక్కడో దీన్ని తలుచుకున్నట్టు,
ఎక్కిళ్లు, ఒక పొలమారు,
ఆపైన గోడ దాటి మిసెస్‌ టాస్కర్‌ ఆరేసిన దుప్పట్ల మీదకి
తెల్లటి పొగ.
తిట్లు వినిపించలేదు. ఇంజిన్‌ మోత అంతుంది.

నార్మన్‌ స్క్రూడ్రైవర్‌ మొన ఇంజిన్‌కీ పిడి చెవికీ ఆనించి
కళ్లు మూసుకున్నాడు.
"మూడోది సణుగుతోంది. సణగనీ."
తర్వాత రెండు చేతులూ దాని మీద పెట్టాడు.
ఇంజిన్‌ వణుకులో ఆయన వణుకు కలిసిపోయింది.
ఏది ఎవరిదో తెలీలేదు.

నా జేబులో ఒక రాగి వాషరు మిగిలింది.
డ్యూటీకి ఇంకా గంటన్నర ఉంది.
ఆపమని ఆయన అనలేదు, నేనూ ఆపలేదు.