అయినప్పటికీ

ఎర్ర సిరాతో గీతలు పెట్టుకున్న మాటలన్నీ పొడుగువే.
కాజీపేటలో పుష్‌పుల్ ఎక్కి
నెక్కొండలో దిగేలోపు అర్థాలు రాసుకున్న.
ఎనిమిదో తరగతి, పదకొండో పాఠం:
కర్తవ్యపరాయణత, దుర్భిక్షం, నిర్విరామం.
ఈ ముళ్ళు ఏరి పెడితే చాలు
పిల్లలు చేపను తినేస్తరనుకున్న.

స్నిగ్ధ లేచి చదివింది.
సీరియల్‌లో విని మేనత్త పెట్టిన పేరు.
నాయనమ్మకు నోరు తిరగదు, "సినిగె" అంటది.
రేషన్ కార్డుల ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు.
అంత ముడి అక్షరాన్ని పుట్టినకాడి నుంచి మోసే పిల్లకు
దుర్భిక్షం ఒక లెక్కనా?
గడగడా దాటేసింది.

ఆగింది
నేను గీత పెట్టని చోట.

"రైతు నష్టపోయాడు. అయినప్పటికీ..."

పలికింది, పలకలేక కాదు.
రైల్వే గేటు పడ్డకాడ బండి లెక్క
కళ్ళు ముందుకు పోతలేవు, వెనక్కి వస్తలేవు.
"టీచర్, ఈ మాట మీది వాక్యందా, కిందిదా?"

ఇరవై రెండేండ్ల నౌకరిల
ఎవ్వరూ అడగలేదు.
నోట్సుల వెతికిన. లేదు.
"కానీ... అన్నట్టు" అన్న.
"మరి కానీ అనే రాయొచ్చు గద!"
వెనక బెంచి నుంచి అఫ్రోజ్.
నిజమే. ఎందుకు రాయలేదో నాకూ తెల్వదు.

ఆ పూట పాఠం కదలలేదు.
ఏం తోచక అడిగిన:
"నిరుడు మీ నాయన ఏమేసిండు?"
"పత్తి."
"ఎట్ల పండింది?"
"గులాబి పురుగు తిన్నది. మూడు కింటాళ్ళే."
"ఈసారి?"
"మల్ల పత్తే. అమ్మ వద్దనే అన్నది. అయినా ఇనలే."

అన్నాక,
జారిపడ్డ చిల్లరను వంగి చూసుకున్నట్టు
పుస్తకంలకు చూసింది.
వేలితో "ప్పటికీ"ని మూసింది.
"అయిన..." అని గొణిగింది,
"దీర్ఘం ఒక్కటే తక్కువ, టీచర్."

సాయంత్రం బండి గంట లేటు.
ప్లాట్‌ఫాం మీద, మక్కల బస్తాల పక్కన కూసోని
పాఠం మొదటి నుంచి తీసిన.
అతడు. ఎవడు?
ఆ సంగతి. ఏ సంగతి?
కనుక. దేని కనుక?
పైగా. ఎంత పైకి?
డోర్నకల్ దిక్కు నుంచి కూత వినపడేసరికి
పేజీ నిండ ఎర్రగీతలు,
అన్నీ పొట్టివే.

ఇన్నేండ్లు ఈ పాఠం అల్కగుందని
నేనొక్కదాన్నే అనుకున్న.