పది నిమిషాల టైరు

శంషాబాద్ అవతల, రింగు రోడ్డు దాటినంక,
అమ్ముడుపోని ప్లాట్ల నడుమ
ట్యాంకర్లతోని నీళ్ళు గొట్టి బురద జేస్తున్నరట.
ఐతారం రాత్రి పద్నాలుగు పాత కార్లు
ఒకదాన్నొకటి గుద్దుకుంటయట.
ఆఖర్ల ఏది కదిలితె దానికే పైసలు.

అద్దాలు లేని సుమోను
కాటేదాన్‌ల నా దుకాణం ముంగట ఆపిండు పోచన్న.
"అండాలక్కా, నాలుగు టైర్లు గావాలె."
"ఎంత దూరం పోతవ్?"
ఇరవై ఏండ్ల సంది నా మొదటి మాట గదే.
"దూరం లేదక్కా. పది నిమిషాలు."

పది నిమిషాలకు టైరు
నేనెన్నడు అమ్మలే.

కొత్తది దించి దొర్లిస్తే సత్తార్ చాచా నవ్విండు,
స్టూలు మీదికెళ్ళి లేవకుంటనే.
ఆయన చూపు పోయి మూడేండ్లు. గోరు పోలే.
టైరు చెంప మీద గోటితో కొట్టి
చెవి దగ్గర పెడ్తడు.
"బిడ్డా, ఇది ఉడికిన గుడ్డు. మొదటి దెబ్బకే చిట్లుతది."
ఇంకోటి.
"ఇది ఎండకెండి కొబ్బరి చిప్పయింది. పగలది గని జారుతది."
బోయిగూడ తుక్కులకెళ్ళి తెచ్చిన మూడోదాన్ని
చాలాసేపు తడిమిండు.
మట్టి మోసే బండిది. ఎనిమిది పొరలు.
గాడి గాడికి బొటనవేలు దూరుతది.
"దీనికి పండ్లున్నయ్," అన్నడు,
"బురదను కొరుక్కుంట పోతది."

పోచన్న చెప్తున్నడు, ఎనకకే గుద్దాలెనట,
ముంగట ఇంజనుంటదట.
అట్లయితే ఎనక టైర్లకే నా పానమంతా.

మొదలు రిమ్ముకున్న సీసం ముక్కలు పీకేసిన.
సమంగ తిరిగేటిది ఎవనిగ్గావాలె ఆడ?
గాలి మూతి చుట్టు ఇనుప గొట్టం ముక్క
వెల్డింగు పెట్టించిన, చిన్న పిల్లకు టోపీ లెక్క.
అరిగిన టైరు అంచులు కోసి
పెద్దదాని కడుపుల కూర్చినం,
సబ్బు నీళ్ళు, రెండు రాడ్లు, ముగ్గురు మనుషులు,
పోచన్న తిట్లు.
టైరుల టైరు, దాన్ల ట్యూబు.

ఇగ స్క్రూలు.
రిమ్ము దిరిగి టైరు ఆన్నే నిలవడొద్దంటే
చుట్టూ పన్నెండు బిగియ్యాలె.
పొట్టివి. రబ్బరును పట్టాలె, ట్యూబును ముట్టొద్దు.
డ్రిల్లు పట్టుకున్న చెయ్యి ఆగింది నాది.
ఇరవై ఏండ్లు మొలలు పీకిన చెయ్యి.
పీకిన ప్రతి మొలను ఒక డాల్డా డబ్బల ఏస్తున్న,
ఎందుకో నాకే ఎర్కలే.
"ఏమైందక్కా?"
"ఏం లేదు. బల్బు ఇటు పట్టు."

గాలి ఎంత అని మళ్ళ పంచాయితి.
గట్టిగ పెడ్తె ఎగుర్తదంటడు చాచా,
తక్కువైతె రిమ్ము కోస్తదంట నేను.
గేజీ పక్కకు పెట్టి
కాలితో తన్ని చూసుకున్నం ఇద్దరం.

ఐతారం నేను పోలే. దుకాణం ఉండె.
సోమారం పొద్దుగాల క్రేను తెచ్చి దించింది.
ముంగట బంపరు లేదు, బానెట్టు మడతవడ్డది,
రేడియేటరు పగిలి పచ్చనీళ్ళు కారుతున్నయ్.
ఏడో నిమిషంల ఆగిపోయిందట.
పోచన్న మోచెయ్యికి కట్టు,
మొఖంల మాత్రం పండుగ.
"ఇంకా ముగ్గురే ఉండిరక్కా నాకంటె ఎనక దాకా!
టైర్లు నువ్వే ఉంచుకో, బాకీ కింద."

పన్నెండు స్క్రూలు ఎనకకు తిప్పి తీసిన.
ట్యూబును తొట్టిల ముంచి
బుడగ కోసం చూసిన.
నీళ్ళు కదల్లే. నా మొఖమే కనవడ్డది.

గాడిల ఎండిన బురద రాడుతో గీకుతుంటే
ఎవరిదో హెడ్‌లైటు గాజు ముక్క రాలింది,
కొర్రాయంత, నారింజ రంగుది.
డబ్బల ఏసిన.
చాచా చప్పుడు విని
డబ్బ తెమ్మన్నడు. ఊపి ఊపి విన్నడు.
"గిది మొల కాదు," అన్నడు.