తొమ్మిదో నంబరు అంగీ

ఊరి పేరు దిబ్బా.
వీసా కాయితం చూసి మావోళ్లు నవ్విండ్రు:
"గంత దూరం పోయి దిబ్బల పడ్తవారా!"
ఒకదిక్కు నల్లటి గుట్టలు, ఒకదిక్కు సముద్రం,
నడుమ పచ్చగ ఒక ఫుట్‌బాల్ గ్రౌండు.
దాని మెట్ల కింద, కిటికీ లేని అర్రల
రెండు పెద్ద వాషింగ్ మిషన్లు, నేను.

పదకొండేండ్లల్ల ఒక్క ఆట పూర్తిగ చూడలే.
ఆట నా దగ్గరికి బుట్టల వస్తది.
మోకాలుకాడ పచ్చ మరక: కిందపడ్డడు.
వీపు మీద సున్నం గీత: ఎవడో తోసిండు.
కాలరు కొరికుంటే, మనసు బాగలేదు.
ఏ మరకా లేని అంగీ
బెంచీ మీద కూసున్నోనిది.
దాన్ని గూడ ఉతుకుత, అందరి లెక్కనే.

బెల్జియం నుంచి యోరెన్ వచ్చేటాల్లకు
ఆయనకు ముప్పై నాలుగు.
పొడుగు మనిషి, నా తలుపుకాడ వంగితేనే లోపలికి.
నేను యోరన్న అన్న. అదే తన పేరనుకున్నడు.
నన్ను నర్సు అన్నడు,
గంగనర్సుల గంగ ఆయన నోటికి దొరకలే.

మోకాలుకు ఐసు కట్టుకొని నా స్టూలు మీద కూసుండి
కాళ్ల మీద వేలు పెట్టి చెప్పెటోడు,
సగం ఇంగ్లీషు, సగం చేతులు.
ఈ కుట్లు గెంట్‌ల, పందొమ్మిదేండ్లప్పుడు,
పేపర్ల ఫొటో పడ్డ వారమే.
ఈ మడమ తుర్కీల. ఆడ మూడు నెలల జీతం ఎగ్గొట్టిండ్రంట.
"మీకు గూడనా?" అన్న.
గప్పుడే మేము దోస్తులమైనం.
ఈ గీత సైప్రస్‌ల, ఆటల గాదు,
హోటల్ బాత్రూంల జారి.

ఒక్కసారి దేశం జట్టుకు పిలిచిండ్రంట.
ఎనభై తొమ్మిదో నిమిషంల గ్రౌండుల దింపిండ్రంట.
బంతి కాలుకు తగలకముందే విజిల్.
ఆ అంగీ ఎవరు ఉతికిండ్రని అడిగిన.
చానాసేపు ఆలోచించిండు.
"ఉతకలే," అన్నడు. "ఉతికేంత మురికి కాలే."

మా దగ్గర తొమ్మిది ఆటలైనా గోలు లేదు.
మెట్ల మీద ముసలోళ్లు పొద్దుతిరుగుడు గింజలు
ఒలుచుకుంట తిట్టెటోళ్లు.
ఆట లేని రోజు గూడ వచ్చి
మిషను పక్కన నేల మీద కూసునెటోడు.
నీళ్లు నిండే చప్పుడు వాళ్ల ఊరి వాన లెక్కుంటదంట.
రెండుసార్లు ఖాళీ మిషను తిప్పిన.
సూపర్‌వైజర్‌కు తెలిస్తే
ఆ వాన నా జీతంల కోస్తుండె.

పదో ఆట రాత్రి, తేమకు గోడలు చెమట పట్టినయి.
ఒక్కపారి కప్పు దద్దరిల్లింది,
గింజల పొట్టు, దుమ్ము నా నెత్తి మీద రాలింది.
ఎవరు కొట్టిండ్రో తెల్వదు.
బుట్ట వచ్చింది.
తొమ్మిదో నంబరు అంగీ, ఎడమ భుజం ఎనక
పళ్లెమంత గుండ్రటి పచ్చ మరక.
కాలుతోని గాదు, తలతోని గాదు.
ఎవడో తన్నిన బంతి ఈయన వీపుకు తగిలి
దారి తప్పి లోపల పడ్డది!
యోరన్న సిగ్గుపడుకుంట వచ్చిండు.
"గోలే గదా," అన్న.
"గోలే," అన్నడు.
ఆ మరకను ఉతకబుద్ధి కాలే.
తెల్లారేసరికి అంగీలు ఆరాలె.
ఉతికిన.

ఏప్రిల్ల ఆయనను క్యాన్సిల్ చేసిండ్రు.
ఈడ గదే మాట, వీసాకైనా మనిషికైనా.
నాకు ఎరుకైన సంగతి గాబట్టి చెప్పిన:
"బ్యాగు ముప్పై కిలోలు దాటనియ్యకు."
ఎక్కువైన బరువు తీసి స్టూలు మీద పెట్టిపోయిండు.
బూట్లు. నలభై అయిదో సైజు.

శుక్రారం, క్యాంపు ఎనక రాళ్ల జాగల క్రికెట్టు.
ముందట్ల గుడ్డపేలికలు కుక్కి, ఆ బూట్లేసుకొని
బౌలింగుకు ఉరికిన.
మూడు వైడ్లు.
"ఏం కాళ్లురా అవి!" మెట్‌పల్లి దేవన్న అరిసిండు.
"బెల్జియంవి," అన్న.
నాలుగో బంతి చేతిల పట్టుకొని వెనుకకు నడిచిన.
రాళ్ల మీద మేకుల చప్పుడు,
టక్కు, టక్కు,
తలుపుకాడ ఆయన వంగే ముందు వినవడేదే.