రంపం తిన్న వాటా

ఐవిన్ కౌంటర్ మీద మూడు రంపాలు పెట్టాడు.
మూడూ తీగలేనివే, మూడూ పట్టా మీద నడిచేవే.
బయట క్రిస్టియాన్‌సుండ్ రేవులో
వాన అడ్డంగా కురుస్తోంది.
"బ్యాటరీ పెట్టి ఇవ్వు," అన్నాను.
"ఖాళీ రంపం బరువు చూడటమంటే
ఉపవాసమున్నవాణ్ణి తూకం వేసినట్టే."

మొదటిది రెండు బ్యాటరీలది.
దున్నపోతు బలం, దున్నపోతు బరువు.
అరవై రెండేళ్ళ నా మణికట్టు
ఎత్తీ ఎత్తకముందే జవాబు చెప్పేసింది.
రెండోది తేలిక. గొంతు కూడా మెత్తన.
కానీ లోతు సరిచేసే మర తిప్పితే
ఎక్కడో లోపల కటకటలాడింది.
వదులుగా ఉన్నదేదైనా
కోత మధ్యలోనే బయటపడుతుంది.
మూడోదాని ధర చీటీని
ఐవినే మర్యాదగా బోర్లా తిప్పాడు.

"ఇంతకీ కోయాల్సిందేమిటి, తూరున్?"

ఒక బల్ల.
స్మోలా దీవిలో, కరెంటు లేని పడవల కొట్టంలో.
పొడవు రెండు మీటర్ల ఎనభై.
సముద్రం ఒడ్డుకు తోసిన దుంగని చీల్చి
హోల్గర్ చేసిన భోజనాల బల్ల.
హోల్గర్ లేడు. మొన్న చలికాలం ఆయన భార్యా పోయింది.
కూతుళ్ళిద్దరికీ అదే కావాలి.
అడ్డంగా కోస్తే చెరో చిన్న బల్ల, వాడుకోవచ్చని
చెప్పి చూశాను.
వద్దు, నిలువునా అన్నారు.
కిటికీ వైపు బోర్గ్‌హిల్డ్‌ది, పొయ్యి వైపు గున్‌వోర్‌ది.
ఎవరు కూర్చున్న అంచు వాళ్ళకే,
మేకుతో గీకిన పేర్లతో సహా.

ఐవిన్ నవ్వలేదు. వాడికీ ఒక అన్న ఉన్నాడు.

"కోత మందం ఎంత?"
"వీటికి రెండు పాయింట్ రెండు మిల్లీమీటర్లు.
దానికి ఒకటి పాయింట్ ఎనిమిది."
తేడా గోరంత కూడా కాదు,
గోరు మీద రంగంత.
దానికి నాలుగు వేల క్రోనర్లు ఎక్కువ.
పైగా నా పాత డ్రిల్లు బ్యాటరీ దీనికి పట్టదట.
ఇంట్లో మరో ఛార్జరు, మరో ఆకలి నోరు.
చీటీ తిప్పి చూశాను. మళ్ళీ బోర్లించాను.
"కట్టు," అన్నాను.
రెండు పట్టాలు, వాటిని కలిపే బద్దలు కూడా.

పడవలో ఒళ్ళో పెట్టుకున్న పెట్టె మీద చేతులుంచి
ఒకటే లెక్క.
పట్టా అంచున రబ్బరు ఎక్కడ ఆగుతుందో
పళ్ళు అక్కడే మొదలవుతాయి.
పట్టా ఎవరి వైపు వేస్తే వాళ్ళ చెక్క భద్రం,
తరుగంతా అవతలి వాళ్ళది.
గీత నడిమధ్యన కోత పడాలంటే
పట్టాని సగం పన్ను జరపాలి.
సగం పన్ను జరపడానికి ఏ కంటికి చేతనవును?

కొట్టంలో గాలికి బల్ల కింద కాళ్ళు కదిలాయి.
"పట్టుకోండి," అన్నాను. చెరో వైపు నిలబడి
ఇద్దరూ అరచేతులతో అదిమిపట్టారు,
ఇన్ని నెలల్లో మొదటిసారి ఎదురెదురుగా.
నడిమధ్యన నల్లటి మసి చక్రం,
వాళ్ళమ్మ చేపల కుండ దించిన చోటు.
రంపం దాని మీదికి వచ్చినప్పుడు
చెక్క వాసన మారింది.
నేను ఆపలేదు. మధ్యలో ఆపితే మచ్చ పడుతుంది.

బ్యాటరీ మీద ఒక్క గీత మిగిలింది.
రెండు ముక్కలూ చెరో వైపు ఒరిగాయి,
కాళ్ళు రెండేసి, నిలబడలేక.
గోడకి ఆనించాం.

గున్‌వోర్ అంచు మీద వేలు నడిపించి చూసింది.
"మధ్యలో ఎంత పోయింది?"
"రెండు మిల్లీమీటర్లు కూడా కాదు."
"ఎవరి వైపు నుంచి?"

పిట్టల పోరు తీర్చిన పిల్లిలా
పొట్టు సంచి చేత్తో పట్టుకుని నిలబడ్డాను,
అరసేరు కూడా ఉండదు, ఇంకా వెచ్చగానే ఉంది.
బోర్గ్‌హిల్డ్ ఆ మాట వినలేదు,
లేదా విననట్టు వంగి,
తన సగం చక్రం మీది పొడిని
నోటితో ఊదుతోంది.