కొసరు

పార్సిల్ విప్పగానే ముందు వాసన చూస్తాను.
కొత్త అట్ట, కొత్త అచ్చు.
పొద్దుట్నించీ ల్యాబులో అమ్మోనియా పీల్చిన ముక్కుకి
అదొక్కటే సెలవు.

భీమవరంలో
రొయ్యల చెరువుల నీళ్ళు సీసాల్లో పట్టి
ఉప్పెంత, క్షారమెంత అని చీటీ రాసిచ్చే ఉద్యోగం నాది.
జీతంలో కొంత పక్కన పెట్టి
జపాను బొమ్మల కథలు కొంటాను, డిస్కుల్లో.
ఫోన్లో వస్తాయిగా అంటారు.
వస్తాయి.
చెప్పకుండా పోతాయి కూడా.

ఈసారి డబ్బాలో రెండు రకాలు.
బ్లూరేలు మూడు, డీవీడీలు ఐదు.
కథ ఒకటే, రెండుసార్లు.
ఒక్క రకమే ఇవ్వరా అంటే, ఇవ్వరు.
బజార్లో కొసరంటే
తూకం అయ్యాక పైన పడే గుప్పెడు కరివేపాకు.
ఇక్కడ కొసరుకీ ఖరీదు కట్టి
ఖరీదు మీద సుంకం కట్టి
ఆటో ఎక్కించి తెచ్చుకున్నాను.

నా అలమర మీరు చూడలేదు.
మూడు అరలు, కిటికీలోంచి ఉప్పుగాలి.
ఆషాఢం దాటితే అట్టల మూలల్లో తెల్లగా బూజు నూగు.
చెప్పుల కొట్టు వీర్రాఘవులు నాకోసం దాచే
సిలికా పొట్లాలు తెచ్చి అరకి ఐదేసి పేరుస్తాను.
అవి కాపాడేవాటిలో సగం
నేనెప్పుడూ చూడనివి.

పైగా చోటు కలిసొస్తుందని
అన్నిటినీ ఒకే ఇరుసుకి గుచ్చారు.
ఒకే ఒరలో రెండు కత్తుల సామెత
కత్తుల గురించే అనుకునేదాన్ని.
దీపం కింద వాల్చి చూస్తే
నీలం డిస్కు అంచున సన్నటి గీత,
ఎనిమిదో భాగం దగ్గర బొమ్మ ఆగి, ఆలోచించుకుని
కదులుతుంది.

కాళ్ళ అవతల, ఉప్పుటేటి పక్క గట్టు మీద
చెరువు కాపలా యేసురత్నం గారి పాక.
ఆ పాకలో ఓ పాత ప్లేయరు,
మూత లేవకుండా పైన ఇటుక.
నీళ్ళు పట్టడానికి వెళ్ళిన రోజు
వాళ్ళమ్మాయి కెజియా నా సంచిలోకి తొంగి చూసింది.
"ఆయ్, మా డబ్బాలో ఆ నీలంవి ఆడవండి" అన్నాడాయన
చేతికంటిన మేత దులుపుకుంటూ.
నీలంవి కానివి ఐదూ తీసిచ్చాను.
ధర్మబుద్ధి కాదు.
అలమరలో చోటు.

తర్వాత ఓ రాత్రి అటే ఉండిపోవాల్సొచ్చింది,
రొయ్య తేలుతోందని కబురొస్తే.
ఏరియేటర్ల హోరులో ఆ టీవీ మాట ఒక్కటీ వినపడదు.
వానలో మెరవాల్సిన పచ్చదనం
ఉడికిన తోటకూర రంగులో ఉంది.
కింద ఇంగ్లీషు అక్షరాలు.
కెజియాది ఆరో తరగతి,
వచ్చింది చదివి, రానిది అల్లి
గట్టిగా తండ్రికి చెబుతోంది.

నా నీలం డిస్కులో
పడవ మునిగి పోయిన అన్న
వాళ్ళ పాకలో బతికే ఉన్నాడు.
ఊరవతల ఐసు ఫ్యాక్టరీలో చేరాడట,
జీతం రాగానే వస్తాడట.
యేసురత్నం గారు మేత బస్తాకి ఆనుకుని
"పోన్లే, పనుంది" అన్నాడు.
నేను దిద్దలేదు.

మొన్న కాకినాడ నించి ఒకాయన,
మురహరి, తోటి పిచ్చివాడు, ఫోన్ చేశాడు.
ఆ డబ్బా అచ్చు ఆపేశారు, మూడింతలిస్తాను,
ఎనిమిదీ ఉన్నాయిగా?
డబ్బా ఊపి చూశాను. ఇరుసు మీద మూడే, గలగల.
లేవండి అన్నాను.
మూడింతలంటే ఎంతో
రాత్రి రెండుసార్లు లెక్కేసుకున్నాను, దాచడమెందుకు.

రెండో భాగం వచ్చే నెల.
అదీ రెండు రకాలూ కలిపే అమ్ముతున్నారు.
విడిగా దొరికితే ఇప్పటికీ విడిగానే కొంటాను.
సీసాలు సర్దుకుంటుంటే కెజియా గట్టు దాకా వచ్చి అడిగింది,
"అక్కా, ఇందులో అన్న ఇంటికొస్తాడా?"

చూడాలమ్మా అన్నాను.
నీదాంట్లో.