ఖాళీ బండి బరువు

బల్లార్షా దాటినంక సాస్తి రోడ్డు మీద మా కాంటా.
పగలు రెండు. గోడ మీది థర్మామీటర్ల నలభై ఎనిమిది.
బొగ్గు లారీలు ఎండల వరుసగట్టి
ఒకదాని పొగ ఒకటి పీలుస్తున్నయి.

కంప్యూటరుకు కట్టిన బెలూను,
మేనేజరు బిడ్డ పుట్టినరోజుది,
నిన్న కప్పుకు తాకింది,
ఇయ్యాల నా భుజం దాక దిగింది.
అందులోది హీలియం.
వచ్చే నెల నాగపూర్ల నాకు పరీక్ష,
ప్రైవేటుగ కట్టిన ఎమ్మెస్సీ.

తూకం చిట్టీ వెనక రాసుకున్న:
పైన ప్లాంకు స్థిరాంకం,
కింద వర్గమూలం లోపల
రెండు పైలు, అణువు బరువు, బోల్ట్‌జ్‌మన్, వేడి.
బరువు పెరిగితే అల కురుచ.
వేడి పెరిగినా అల కురుచే.

ఒకటింబావు ఆంగ్‌స్ట్రామ్ వచ్చింది.
అర దగ్గర రావాలె.
మూడుసార్లు చేసిన, మూడుసార్లు ఒకటింబావే.

చిందూజీ వాకుడ్కర్ కిటికీల తల వెట్టి
"బాయీ, ఖాళీ గాడీ వజన్ తీసేసినవా?" అన్నడు.
తీసేసిన, అన్న.
అన్నంక చేయి ఆగింది.

లారీకి తీసేయాలె.
వేడికి కలపాలె, రెండు వందల డెబ్బై మూడు.
మన సున్న
నీళ్లు గడ్డకట్టిన కాడ ఎవరో పాతిన హద్దురాయి.
అసలు సున్న ఇంకా లోతుల ఉంది,
ఏ చలికాలం దాన్ని ముట్టలేదు.
ఈ కాంటా గూడ గంతే:
పొద్దున ఊడ్వకుంటే
పలక మీది బొగ్గుపొడి నలభై కిలోలు
సున్న అయి కూసుంటది.

మూడు వందల ఇరవై ఒకటి వెట్టి మళ్ల చేసిన.
సున్న పాయింట్ నాలుగు తొమ్మిది.

అణువుకూ అణువుకూ నడుమ ఎడం ముప్పై అయిదు.
అంటే అల జానెడైతే
పక్కది డెబ్బై జానల అవతల.
గుద్దుకుంటయి గని, ఒకదాంట్ల ఒకటి కలువయి.
గిసొంటి ఎండల ఎవ్వని నీడ వానికే.
అల అలను అందుకోవాలంటే
చంద్రపూర్ల దొరకనంత చలి గావాలె.

డిసెంబరు రాత్రికి గూడ చేసి చూసిన,
పది డిగ్రీలకు:
సున్న పాయింట్ అయిదు రెండు.
ఏడు నెలల ఓపికకు పెరిగేది గింతే.

హారన్ మోగింది.
తొందరల లెక్క ఉన్న చిట్టీయే వాకుడ్కర్ చేతికి పోయింది.
ముందర ఇరవై నాలుగు టన్నుల ఆరు వందల కిలోలు,
వెనక హీలియం.
ఈపాటికి దుర్గాపూర్ థర్మల్ గేటు కాడ
దాని మీద ముద్ర వడి ఉంటది.

బెలూను మోకాలి దాక వచ్చింది.
లేచి కూలర్ల రెండు బిందెల నీళ్లు పోసిన.