పెంట

కందకం పక్కన రెండు మీటర్ల చదరపు గుంత.
నాలుగు మేకులు, పసుపు దారం,
నా నోట్‌బుక్కులో దాని పేరు జి-ఏడు.
అంజవ్వకు మాత్రం "మన గుంత".

మొదటి జానెడు మనదే:
గుట్కా పొట్లాలు, సీసా మూతలు,
ఎవరో చింపేసిన గోల్కొండ టికెట్టు సగం.
"పొర ఒకటి" అని రాస్తుంటే కాస్త సిగ్గేసింది,
చుట్టం ఎదుటే మాసిన బట్టలు మడతపెడుతున్నట్టు.

కిందికి పోయేకొద్దీ మట్టి రంగు మారుతుంది.
నా దగ్గర రంగుల పుస్తకం ఉంది, రంగుకో అంకె.
ముద్ద తీసి గళ్ల పక్కన పెట్టి తంటాలు పడుతుంటే
అంజవ్వ జల్లెడ ఆపింది.
"ఎండిన పెండ సార్. మీద ఒక్క వాన పడ్డంక."
ఆ మాటే రాసుకున్నాను.

పదకొండేళ్లు టోలిచౌకిలో చెత్త ఆటో ఎక్కింది.
సంచి ముడి విప్పకుండానే చెప్పేదట:
ఈ ఇంట్ల పసిపిల్ల ఉన్నది, గాళ్లకు షుగర్ బీమారి,
ఆ మూలింట్ల పెండ్లయి మూడొద్దులు.
ఇప్పుడు ఆ చేతుల్లో కుతుబ్‌షాహీల నాటి మన్ను.
మేక ఎముక మీద గాటు చూసి
"కసాయి కొట్టలే, తొందరల ఉన్నోడు కొట్టిండు" అంటుంది.
చింతగింజలు, రేగుగింజలు,
నీలిపువ్వు విరిగిన పింగాణీ,
ఆకుపచ్చ గాజుముక్క ఒకటి.
దాన్ని తన మణికట్టుకు ఆనించి
"చిన్న చెయ్యి" అని సంచిలో వేసింది.

నాలుగో రోజు, గోడలోంచి దిగిన రాతి తూము నోటి కింద
పసరు కలిసిన బూడిదరంగు పొర.
నేనింకా కొలతపట్టీ వెతుకుతున్నాను.
ఆమె వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.
"వాసన పోయింది. కానీ గదే."

ల్యాబు కాగితం రెండు నెలలకు వచ్చింది:
ఫాస్ఫేటు ఎక్కువ, ఏలికపాముల గుడ్లు.
కొండమీది తూములోనూ, సిపాయిల గుంతలోనూ.
ఏలికల కడుపుల్లో ఏలికపాములు!
మన భాషకు ఎవరు చెప్పారో ముందే.

అటు ఫతే దర్వాజా కింద గైడు చప్పట్లు కొడుతున్నాడు.
పైన బాలాహిసార్‌లో వినపడి జనం మురిసిపోతారు.
చప్పుడు పైకెక్కడానికి అంత తెలివిగా దారి కట్టారు.
పైది కిందికి దిగడానికి తూము,
తూము కింద గంప,
గంప కింద ఒక నెత్తి.
ఆ నెత్తి మాకు ఏ పొరలోనూ దొరకలేదు.

"యాడ దొరుకుతది సార్?
మోసినోళ్లు పారబోసిన కాడనే గుడిసెలేసుకుంటరు.
మా అవ్వగారి ఊరు పేరే బోడపెంట.
కుప్పనూ పెంటంటం, ఊరినీ పెంటంటం."
బీడీ ముట్టించుకుంటూ అన్నది,
ఏడుపేం లేదు గొంతులో.

వానలకు ముందు గుంత పూడ్చాలి.
తర్వాత తవ్వేవాళ్లకు ఆనవాలుగా
అడుగున ఈ ఏటి రూపాయిబిళ్ల పెట్టడం మా ఆచారం.
పెట్టాను.
అంజవ్వ కొంగుముడి విప్పి, బొటనవేలు చిరిగిన
మున్సిపాలిటీ రబ్బరు తొడుగొకటి
బిళ్ల మీద పరిచింది. నేనేమీ అనలేదు.

మట్టి పోశాం. తొక్కాం. మేకులు పీకాం.
మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి
మెత్తటి ఆ మన్ను మీద ఎవరిదో
చిప్స్ పొట్లం.